మూడో నాటి ఆవకాయ

గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలు. వెంకటనారాయణ గారి గేటు తీసీ తీయకముందే కుక్క మీదికొచ్చి పడింది.

"డీఎస్పీ! ఆగు! ఆగమంటుంటే!" లోపల్నుంచి ఒక ఆడపిల్ల అరిచింది.

ప్రమీలారాణి బెదరలేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఆశ్రమ పాఠశాలలో వార్డెనుగా పనిచేసిన మనిషి. రెండొందల మంది పిల్లల్ని ఒక్క చూపుతో పడుకోబెట్టిన మనిషి ఒక ఊరకుక్కకి బెదురుతుందా? గొడుగు మొన నేలకి కొట్టి "కూసో" అంది. డీఎస్పీ కూర్చుంది.

కూర్చున్న కుక్కని ఆమె ఒకసారి తేరిపార చూసింది. మెడకి తోలు పట్టీ ఉంది. పట్టీ కింద బొచ్చు ఊడి, ఏళ్ల తరబడి గొలుసు ఒరుసుకున్న మచ్చ ఉంది. స్తంభం చుట్టూ నేల గుండ్రంగా అరిగిపోయి ఉంది. గొలుసు మాత్రం లేదు. ప్రమీలారాణి చూసింది చూసినట్టు మనసులో పెట్టుకుంది.

రేకుల పందిరి కింద నులకమంచం కోడుకి తాడుతో కట్టేసి ఉన్నాడు బొజ్జయ్య. బీడీలు చుట్టే తునికాకు కల్లం దగ్గర కావలి పని అతనిది. అతని భార్య ఆదెమ్మ ఈ ఇంట్లో వంట చేస్తుంది. నిన్న మొగుణ్ణి పోలీసులు పట్టుకున్న గంటకే ఆదెమ్మ మణుగూరులో బస్సెక్కి ఖమ్మం వెళ్లి, "నా బిడ్డకు అక్షరాలు నేర్పినవు తల్లీ, నా మొగుణ్ణి గూడ నువ్వే ఇడిపియ్యాలె" అని ప్రమీలారాణి కాళ్ల దగ్గర కూలబడింది. రిటైరయ్యాక ఖమ్మంలో ఒక గది కిరాయికి తీసుకుని 'డిటెక్టివ్' అని బోర్డు పెట్టిన ప్రమీలారాణికి ఇది పదకొండో కేసు. ఇంతగా గుండె పిండిన కేసు ఇంతకుముందు రాలేదు.

"నమస్తే టీచర్. ఎండల పడి ఎందుకొచ్చిండ్రు?" అన్నాడు ఎస్సై దేవ్లా, వరండాలోంచి లేచి. పంచనామా కోసం బొజ్జయ్యని వెంటబెట్టుకొచ్చాడు. ఒకప్పుడు ఆమె హాస్టల్లో చదువుకున్న పిల్లాడే. ఇప్పుడు మీసాలొచ్చాయి, నడుముకి తుపాకీ వచ్చింది.

"నీ కేసు చూద్దామని వచ్చిన దేవ్లా."

"ఏం లేదు టీచర్, చిన్న కేసు. మంగళారం ఇంటోళ్లంత ఎర్రుపాలెం పెండ్లికి పోయిండ్రు. ఇంట్ల ఇద్దరు పిల్లలు, ఆదెమ్మ, వీడు. రాత్రికి తిరిగొచ్చిండ్రు. బుధారం పొద్దుగాల చూస్తే బీరువల బంగారు వడ్డాణం లేదు. తాళం పగలలే. తాళంచెవి మెంతుల డబ్బల ఉంటది, ఇంటోళ్లకు, వంట చేసే ఆదెమ్మకు తప్ప ఎవ్వలకు ఎరుకలేదు. నాలుగింటికి వీణ్ణి జీపెక్కించి కోర్టుకు తీస్కపోవుడే."

"మందు కొట్టేటోళ్లు వచ్చిండ్రన్నడంట గదా?"

"అది వాని కథ. మలేరియా మందు కొట్టేది ఈ ఊరికి వచ్చే వారమని దవాఖానాల చెప్పిండ్రు. పిల్లల్ని అడిగిన. ఎవ్వరు రాలేదన్నరు. పిల్లలు అబద్ధం చెప్తరా టీచర్?"

"ఆ మాట నువ్వే అనాలె దేవ్లా," అంది ప్రమీలారాణి. ఎస్సై చెవులు ఎర్రబడ్డాయి. ఐదో తరగతిలో హాస్టల్ కోడిగుడ్లు మాయమైన సంగతి ఇద్దరికీ గుర్తుంది.

ఆమె బొజ్జయ్య పక్కన నులకమంచం మీద కూర్చుంది.

"చెప్పు బొజ్జయ్యా. ఎన్ని గంటలకు వచ్చిండ్రు?"

"బడిగంట లేదు గదా తల్లీ సెలవులల్ల. నీడ నా కాళ్లకిందికి వచ్చినంక వచ్చిండ్రు. ఒకడు పొడుగు, పంపు వాని భుజాన. ఇంకొకడు లావు, బకెట్ వాని చేతుల. మందు కొడతం, తిండి సామానంత బయట పెట్టుండ్రి, గంటదాక లోపలికి రావొద్దు అన్నరు. ఏటేట గట్లనే గదా. నేను, ఆదెమ్మ గిన్నెలు, కుండలు, బియ్యం బస్తా, జాడీలు అన్నీ ఈ పందిట్ల పెట్టినం."

"నీకు అనుమానం రాలే?"

బొజ్జయ్య కొట్టం వైపు చూశాడు. "గొడ్ల కొట్టంల కొట్టలే. దోమలు ఉండేదే ఆడ. ఎందుకు కొట్టరయ్యా అంటే మందు అయిపోయిందన్నడు లావాయన. కండ్లు నలుపుకుంట, ఏడ్చుకుంట పోయిండు. పాపం కొత్తోడేమో అనుకున్న."

ఇంతలో ఇద్దరు పిల్లలు తలుపు చాటునుంచి తొంగి చూశారు. పదేళ్ల ఉదయశ్రీ, ఎనిమిదేళ్ల నాగచైతన్య. సత్తుపల్లి నుంచి సెలవులకి తాతగారింటికొచ్చిన పిల్లలు. మొన్నటి పెళ్లిలో సన్నాయి గొట్టంలో మినప్పిండి కూరినందుకు ఈ పెళ్లికి తీసుకెళ్లలేదట. బొజ్జయ్య వాళ్లని చూసి, కట్టేసిన చేత్తోనే తువాలు ముడి విప్పాడు. నాలుగు తునికి పండ్లు బయటికి తీశాడు.

"నిన్న పొద్దుగాలనే ఏరిన. ఇయ్యబోయేవరకే పోలీసాయన వచ్చె. తినుండ్రి బిడ్డా," అన్నాడు.

నాగచైతన్య ఒకటి తీసుకున్నాడు. ఉదయశ్రీ తీసుకోలేదు. గిర్రున తిరిగి లోపలికి పరుగెత్తింది. తునికి పండు వద్దనే పిల్లని ప్రమీలారాణి తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. ఏదో ఉంది ఈ పిల్ల కడుపులో అనుకుంది.

ఒంటిగంటా నలభై. బీరువా గది.

వెంకటనారాయణ గారే దగ్గరుండి చూపించారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ మిరప, పత్తి వేసి, తునికాకు కాంట్రాక్టు పట్టి పెద్దవాడైన మనిషి. తెల్ల లుంగీ, తెల్ల బనియను. మాట మెత్తగా ఉంది, చేతులు మాత్రం ఒక చోట నిలవడం లేదు.

"చూడండి మేడంగారూ, ఒక్క గీత పడలేదు బీరువాకి. ఇంట్లో మనిషి పని కాకపోతే మరెవరిదండీ? పదేళ్లు అన్నం పెట్టామండీ వాడికి."

"ఇంకేం పోయినయ్?"

"ఇంకేం పోలేదండీ. వడ్డాణం ఒక్కటే."

కింది అరలో వెండి చెంబులు, పళ్లాలు వరసగా ఉన్నాయి. పక్కనే చేతి గడియారం. తలుపు తీసిన దొంగ వీటిని ముట్టుకోకుండా వెళ్లాడంటే వాడు దొంగతనానికి వచ్చినట్టు లేదు, ఎవరో తెమ్మంటే తీసుకెళ్లడానికి వచ్చినట్టుంది.

"ఆ వడ్డాణం పెండ్లికి అమ్మగారు ఎందుకు పెట్టుకోలే?"

"అది మా ఆవిడ వాళ్లమ్మగారిదండీ. ఇప్పుడు పట్టదు. వచ్చే నెల మా చిన్నమ్మాయి పెళ్లికి పెడదామని..."

"మెరుగు పెట్టియ్యాలె గదా మరి?"

"ఆ. రేపు కంసాలి వస్తానన్నాడు," అని, అన్న తర్వాత ఆయన ఎందుకో దగ్గారు.

ప్రమీలారాణి గోడల వైపు తిరిగింది. గోడ మీద తడి ఆరిన చారలున్నాయి, పంపుతో వంకర్లుగా కొట్టిన చారలు. ఆ చారల వెంబడి, ఎక్కడ చార వంగితే అక్కడ వంగుతూ, చీమలు. వేల చీమలు. ఆమె కళ్లజోడు సర్దుకుని దగ్గరికెళ్లింది. వేలితో గోడ గీకి నాలుక మీద పెట్టుకుంది.

"టీచర్!" దేవ్లా కేకేశాడు. "అది మందు! చస్తరు!"

"నారింజ శరబత్తు," అంది ప్రమీలారాణి చప్పరిస్తూ. "కొంచెం పులుపెక్కువ. మందు కొడితే చీమలు చస్తయా, బారులు కడతయా దేవ్లా? నువ్వు నిన్న ఈ గదిల గంటసేపు ఉన్నవు. గోడ చూడలే?"

దేవ్లాకి కోపమొచ్చింది. తన కానిస్టేబుల్ ముందు, ఊరి పెద్దమనిషి ముందు ఈ మాట పడాల్సి వచ్చినందుకు మరీ వచ్చింది.

"అయితే ఏంది? బొజ్జయ్యనే శరబత్తు కొట్టిండు. కథ కుదరాలె గదా. టీచర్, మీకు మర్యాద ఇస్తున్న. మీరు ఇట్ల నా పనిల అడ్డమొస్తే నేను కేసు రాయాల్సొస్తది."

"రాయి. నా పేరు తప్పుల్లేకుండ రాయి. బొజ్జయ్య గుడిసెల పంపు ఉన్నదా? వెతికినవా?"

"...వెతికిన. లేదు."

"ఆదెమ్మ శరబత్తు డబ్బా కొనే మనిషా?"

దేవ్లా గడియారం చూసుకున్నాడు. "నాలుగింటికి జీపు," అన్నాడు మళ్లీ, తనకి తానే చెప్పుకున్నట్టు.

రెండుంపావు. ఆమె పిల్లల్ని విడివిడిగా పిలిచింది. ముందు చిన్నవాడు.

"ఏం బాబూ, మంగళవారం మధ్యాహ్నం ఏం చేసిండ్రు?"

"నిద్రపోయాం. ఎవరూ రాలేదు."

"ఎవరన్నా వచ్చిండ్రా అని నేను అడగలే గదా?"

నాగచైతన్య తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

"సరే. ఎండగుంది. నాకు కొంచెం శరబత్తు కలిపి తెస్తవా?"

"అయిపోయిందండి. డబ్బా మొత్తం..."

"మొత్తం తాగేసిండ్రా?"

"తాగలేదు!" అన్నాడు పిల్లాడు పౌరుషంగా. తర్వాత నోరు మూసుకున్నాడు. మూసుకుని, మెల్లగా కళ్లెత్తి నడవా చివరనున్న సామాన్ల గది వైపు చూశాడు. ఆ గదికి తాళం ఉంది.

వార్డెనుగా ఆమె నేర్చుకున్నది ఒకటే. తప్పు చేసిన పిల్ల ముందు తన కాళ్లు చూసుకుంటుంది, తర్వాత దాచిన చోటు చూస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఈ లెక్క తప్పలేదు. ఉదయశ్రీని పిలిస్తే ఆ పిల్ల కళ్లు కూడా అదే తలుపు మీదికి వెళ్లాయి.

"ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుంటది ఆదెమ్మా?"

"పెద్దమ్మగారి బొడ్ల. ఆవకాయ పెట్టినంక ఎవ్వల్ని పోనియ్యదు. మూడోనాడు తనే తానం చేసి, పొడిచీర కట్టుకోని, తిరగ కలుపుతది. మంగళారం పొద్దుగాల పెట్టింది. ఇయ్యాల్నే మూడో నాడు."

"ఆ జాడీ మందు కొట్టే అప్పుడు ఏడుంది?"

"బయటనే. మందు పడొద్దని నేనే మోసి పందిట్ల పెట్టిన. సాయంత్రం మళ్ల లోపల పెట్టిన. రాత్రి అమ్మగారు వచ్చి తాళమేసింది."

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. హాల్లో ఫోను. పక్క గదిలోంచి వెంకటనారాయణ గారు లుంగీ ఎగ్గట్టి పరుగున వచ్చారు. అరవై ఏళ్ల మనిషి ఫోను కోసం అంత పరుగు పెట్టడం ప్రమీలారాణికి నచ్చలేదు. చేతికి అందేంత దూరంలో ఉంది కాబట్టి తీసి చెవికి పెట్టుకుంది. ఏమీ మాట్లాడలేదు.

"పెద్దాయన ఉన్నడా?" అవతల గొంతు గుసగుసగా. "గొలుసు సంగతి మాట్లాడాలె. మందు కొట్టినోళ్లమని చెప్పు... అయ్యో, గట్ల చెప్పకు. ఇంకేదన్న చెప్పు."

"ఏం చెప్పాలె?" అంది ఆమె.

అవతల ఇంకో గొంతు "ఆడామెరా, పెట్టెయ్, పెట్టెయ్ రా సన్నాసీ!" అని అరవడం, ఏదో కింద పడడం వినిపించింది. ఫోను ఆగిపోయింది.

"ఎవరండీ?" వెంకటనారాయణ గారి పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"రాంగ్ నంబర్," అంది ప్రమీలారాణి. "సార్, మీ కుక్క గొలుసు ఏమైంది?"

"కుక్క... గొలుసా? తెలీదండీ. కుక్క గొలుసులు నేను చూస్తానా?"

నిజమే, కుక్క గొలుసు సంగతి ఆయనకి తెలియదు. ఆ మొహంలో ఉన్నది అబద్ధం కాదు, అయోమయం. అదే ఆమెని మరింత ఆలోచనలో పడేసింది. దొంగలకి ఈయన తెలుసు. ఈయనకి దొంగలు తెలుసు. కానీ దొంగల చేతికి చిక్కింది ఏమిటో మాత్రం ఈయనకి తెలియదు.

మూడుంపావు. వెంకటనారాయణ గారి భార్య నాగలక్ష్మి గారు తలస్నానం చేసి, ఉతికిన పొడిచీర కట్టుకుని, చేతిలో కొయ్య గరిటెతో సామాన్ల గది వైపు నడిచారు. వడ్డాణం పోయిన దిగులుతో కళ్లు ఉబ్బి ఉన్నా, మూడో నాడు మూడో నాడే. ఆవకాయ ఆగదు.

"నానమ్మా, ఇవాళ వద్దు!" అన్నాడు నాగచైతన్య.

"ఇవాళ వద్దు నాగలక్ష్మీ," అన్నారు వెంకటనారాయణ గారు కూడా, అదే క్షణంలో. "ఆ జాడీ అట్లాగే సత్తుపల్లి పంపిద్దాం. అబ్బాయికి కొత్త ఆవకాయంటే ఇష్టం కదా. బండి మాట్లాడాను. అక్కడే కలుపుకుంటారు."

నాగలక్ష్మి గారు భర్త వైపు వింతగా చూశారు. "ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో మీరు ఉప్పు డబ్బా ఎక్కడుందో అడిగి ఎరగరు. ఇవాళ ఆవకాయకి బండి మాట్లాడారా? తిరగ కలపని పచ్చడి పంపిస్తే కోడలు నన్ను నాలుగు మాటలనదూ?"

"తెరువుండ్రి అమ్మా," అంది ప్రమీలారాణి.

దేవ్లా అడ్డం వచ్చాడు. "టీచర్, పచ్చడికి కేసుకు ఏం సంబంధం? నేను జీపు తీయాలె."

"ఆ జాడీల పచ్చడే ఉంటే నేను బోర్డు పీకేసి ఇంట్ల కూసుంట. నీ దారికి మళ్ల అడ్డం రాను. ఐదు నిమిషాలు ఆగు."

అది దేవ్లాకి నచ్చిన బేరం. ఆగాడు. జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పారు. ఆవఘాటు గుప్పుమంది. నాగలక్ష్మి గారు గరిటె అడుగుదాకా దించి ఒక తిప్పు తిప్పారు. లోపల టంగుమంది.

ఆవిడ గరిటె ఎత్తారు. నూనె కారుతూ, ముక్కలతో పాటు, ఎర్రటి కారంలోంచి వడ్డాణం పైకి లేచింది.

ఆదెమ్మ పరుగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చింది. కడిగారు. కారం పోయింది. నూనె పోయింది. ఆకుపచ్చ మరక మాత్రం పోలేదు. బిళ్ల బిళ్లకీ చిలుంపట్టి, పైపూత పొరలు పొరలుగా లేచిపోయి ఉంది.

"అయ్యయ్యో! బంగారం పాడుచేశారు కదరా వెధవల్లారా!" అన్నారు వెంకటనారాయణ గారు పిల్లల మీదికి చెయ్యెత్తి.

"చెయ్యి దించండి," అన్నారు నాగలక్ష్మి గారు. "మా అమ్మ దీన్ని చింతపండుతో తోమేది. బంగారం పులుపుకి చిలుం పట్టదు. ఇది మా అమ్మది కాదు."

దేవ్లా గబగబా లెక్క వేసుకున్నాడు. "అంటే అసలుది ముందే మార్చిండ్రు. బొజ్జయ్య..."

"అదే! వాడే మార్చి ఉంటాడు!" అన్నారు వెంకటనారాయణ గారు. "పదండి ఎస్సైగారూ, నాలుగవుతోంది, తీసుకెళ్లండి వాణ్ణి."

కానిస్టేబుల్ మంచం కోడు నుంచి తాడు విప్పి బొజ్జయ్యని లేపాడు. బొజ్జయ్య లేచాడు. మంచం మీద మిగిలిన మూడు తునికి పండ్లు తీసి, వరండా అరుగు మీద, ఉదయశ్రీకి అందేట్టు పెట్టాడు.

అంతే. ఆ పిల్ల భోరుమంది.

"వాళ్లు వచ్చారు! మందు కొట్టేవాళ్లు నిజంగా వచ్చారు! వాళ్లు మందు కొట్టేవాళ్లు కాదని మాకు తెలిసిపోయింది, బకెట్లో ఉత్త సున్నం నీళ్లే ఉన్నాయి. అందుకే మేము శరబత్తు పొడి కలిపేశాం. పంపు పట్టేసింది. లావాయన ఊదాడు, కళ్లల్లో పడింది. వడ్డాణం సంచిలో వేసి కిటికీ దగ్గర పెట్టి ఇద్దరూ కొట్టుకుంటున్నారు. చైతూ దోటితో సంచి లాగేశాడు. డీఎస్పీ గొలుసు వేసి మళ్లీ పెట్టేశాం. వాళ్లు చూసుకోకుండా వెళ్లిపోయారు. దీన్ని జాడీలో దాచాం. ఆవకాయ ముట్టుకుంటే నానమ్మ చంపేస్తుందని చెప్పలేదు..."

"మరి బొజ్జయ్యను పట్టుకున్నప్పుడన్న చెప్పాలె గద బిడ్డా," అంది ప్రమీలారాణి. ఈసారి ఆమె గొంతులో వార్డెను లేదు.

"చెప్పాం! నిన్న పొద్దున్నే చెప్పాం! పోలీసులు రాకముందే!" ఉదయశ్రీ వెక్కుతూ చెయ్యెత్తి చూపించింది. "తాతయ్యకి చెప్పాం. జాడీలో ఉందని చెప్పాం. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఎవరూ రాలేదనే చెప్పమన్నాడు. చెప్తే మమ్మల్నే తీసుకెళ్తారన్నాడు. సాయంత్రానికల్లా బొజ్జయ్యని తనే విడిపిస్తానని ఒట్టేశాడు!"

దేవ్లా మెల్లగా వెనక్కి తిరిగాడు. నిన్న ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టిన వెంకటనారాయణ గారి చేతి వైపు చూశాడు. ఆ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది, దించడం మర్చిపోయినట్టు.

"కంసాలి రేపొస్తడు," అంది ప్రమీలారాణి. "వచ్చి గీటురాయి మీద పెడితే, అసలుది మీరు తీసి నకిలీది పెట్టిన సంగతి బయటపడతది. అందుకే కంసాలికంటే ముందు దొంగలు రావాలె. ఆ తప్పు మోసేటందుకు ఒక మనిషి కావాలె. గంతేనా సార్?"

వెంకటనారాయణ గారు అరుగు మీద కూలబడ్డారు. కానిస్టేబుల్ ఎస్సై వైపు చూశాడు. దేవ్లా తనే వెళ్లి బొజ్జయ్య మణికట్టు ముడి విప్పాడు. గట్టిగా పడిన ముడి, విప్పడానికి చాలాసేపు పట్టింది. ఆ చాలాసేపూ దేవ్లా తలెత్తలేదు.

"తప్పయింది బొజ్జయ్యా," అన్నాడు చివరికి. బొజ్జయ్య చేతులు రుద్దుకున్నాడు. ఆదెమ్మ ఏడుస్తూనే మొగుడి చేతికి పసుపు రాసింది.

"అసలుది ఏదండీ?" అని భర్తని అడిగారు నాగలక్ష్మి గారు. "మా అమ్మది ఏదండీ?"

హాల్లో ఫోను మళ్లీ మోగింది. మోగుతూనే ఉంది. ఆయన లేవబోయారు. ఆవిడ చేత్తోనే ఆగమని చెప్పి, ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆవకాయ చెయ్యి కడుక్కోకుండా వెళ్లి ఫోను తీశారు.

"మందు కొట్టినోళ్లేనా నాయనా? ఆ, పెద్దాయన ఇక్కడే ఉన్నారు. కుక్క గొలుసు పట్టుకుని ఇంటికే రండి," అన్నారు నాగలక్ష్మి గారు, కన్నీళ్లు తుడుచుకోకుండానే. "మిమ్మల్ని పంపింది ఎవరో ఎస్సైగారి ముందు చెబుదురుగాని."